పోటు, పాటు

ఆరుంపావు పంటి.
బైకులు, పాలక్యాన్లు, ఐసు కింద పండుగప్పలు,
వాటి మధ్య మేం ఏడుగురం,
తొమ్మిదో తరగతి ఫౌండేషన్ బ్యాచ్,
సఖినేటిపల్లి నుంచి నర్సాపురానికి.
బడి తొమ్మిదింటికి.
అంతకు ముందే వేరే ఎవరి చదువో
చదివి రావాలి.

నాలుగేళ్లే ఉంది, అంటారు సుదర్శనం సారు.
ఆయనది గిద్దలూరు వైపు, నది లేని ఊరు.
నాలుగేళ్లని వారాలు చేసి
వారాలని చాప్టర్లు చేసి
గోడకి అంటించిన చార్టులో
మా పద్నాలుగో ఏటి పక్కన ఎర్ర గీత:
ఇప్పటికే ఆలస్యం.
రాబోయే మూడు దసరాలకీ రంగు వేసేశారు.

రాయితీ పరీక్షలో పేరుకి ఇరవై గడులు.
వీర వెంకట సత్య నాగ మణికంఠ
'సత్య' దగ్గరే గడులు అయిపోయి
సగం బయటే మిగిలాడు.
ర్యాంకు వచ్చింది.
ఎవరికొచ్చిందో తేల్చడానికి వారం పట్టింది.

అమ్మ లేసు అల్లుతుంది.
తప్పు పడితే దారం లాగి
మూడు వరసలు విప్పి
ఆ దారంతోనే మళ్లీ మొదలెడుతుంది.
నా బుడగ నింపాక విప్పడానికి లేదు.
నీలం పెన్ను, అంచు దాటకూడదు, రెండోది ముట్టకూడదు.
ఒక్క ముడి తప్పితే గుడ్డంతా పారేస్తారా, అంది అమ్మ.
పావు మార్కు పోతుందమ్మా, అన్నాను.
పావేగా, అంది సూది ఆపకుండా.

ముప్ఫై నాలుగో లెక్క.
నిశ్చల జలంలో పడవ వేగం గంటకి పది,
ప్రవాహ వేగం రెండు...
ప్రవాహం ఎప్పటిది సార్, పోటుదా పాటుదా?
అలాగ కూడా ఉంటుందా, అన్నారు.
మా గోదారి రోజుకి రెండుసార్లు
వెనక్కి నడుస్తుందండి.
బోర్డు తుడిచే గుడ్డ
ఆయన చేతిలో అలాగే ఉండిపోయింది.
తరవాత గడియారం చూసుకుని
లెక్కకి నిమిషంన్నరే తల్లీ, అన్నారు.
జవాబు బి.

ఫారంలో ఓ గడి: చేరదలచిన కాలేజీ.
నలుగురు బొంబాయి రాశారు. ఇద్దరు మద్రాసు.
బొంబాయి ఎటుందో చూపించండ్రా అంటే
నలుగురూ నాలుగు వైపులకి చేతులు చాపారు.
నేను పెన్సిలుతో ఏదో రాశాను.
అమ్మకి కూడా చెప్పలేదు.

ఆదివారం పంటెక్కితే
అవతల రేవు నుంచి వచ్చి, దిగకుండా,
సరంగు పల్లయ్య పక్కన సారు!
ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో చెప్పులు.
రేవు అదిగో కదా,
ఎగువన ఐసు ఫ్యాక్టరీ కేసి తిప్పారేంటి?
పల్లయ్య నవ్వలేదు.
ఇప్పుడు పాటండి. రేవుకేసి పెట్టామంటే
అంతర్వేది పోతాం.
మరి పోటులో?
అప్పుడు ఇంకోటండి. ఆయ్, ఏ పూటకాపూట
చూసుకోవడమే.

ఇంజను మోత.
సారు జేబులోంచి బస్సు టికెట్టు తీసి
వెనకాల ఒక బాణం గీశారు,
దాని మీద వాలుగా ఇంకో బాణం.
చాలాసేపు దాన్నే చూశారు.
నీళ్లని చూశారు.
మణికంఠ నా చెవిలో,
ఇది కూడా సిలబస్‌లో కలిపేస్తారేమోనే, అన్నాడు.
నిజంగానే భయపడ్డాడు.

ఐసు ఫ్యాక్టరీ కేసి ముక్కు పెట్టిన పంటి
పక్కకి, పక్కకి జరుగుతూ
మాధవాయిపాలెం రేవుకే వచ్చి ఆనింది.
పలక దించారు. బైకులు ముందు పోయాయి.
సారు ఆఖరున దిగారు, చెప్పులు వేసుకోవడం మర్చిపోయి.

నా ఫారం ఇంకా సంచిలోనే ఉంది.
పెన్సిలు గీత చెరపలేదు,
పెన్నుతో దిద్దనూ లేదు.
రేపే ఆఖరు రోజు.

ఏడింటికి ఫిజిక్సు.
తడి కాళ్లతోనే
గట్టెక్కి పరిగెత్తాం.